వేట బంద్ రోజుల్లో ఇంటిల్లిపాదికీ ఏ సినిమా? (తండేల్ వద్దు, అత్తయ్య చూసేశారు)

జాలరిపేట కోడలు

అందరికీ నమస్కారం. ఏప్రిల్ 15 నుంచి చేపల వేట బంద్. జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లన్నీ హార్బర్‌లోనే. అంటే మా ఆయన, మా మరిది ఇద్దరూ ఇంట్లోనే. మొదట్లో వలలు బాగుచేసుకుంటారు, ఇంజను పని చూసుకుంటారు, బోటుకి ఏ రంగు వెయ్యాలా అని వాదించుకుంటారు. ఆ తర్వాత ఇక రిమోట్ కోసం కొట్లాటే. అందుకే ముందుగా అడుగుతున్నాను.

నేను ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. నైట్ డ్యూటీ దిగి నేరుగా మార్నింగ్ షోకి వెళ్ళడం నాకున్న ఒకే ఒక్క దురలవాటు. తోడు మా అత్తయ్య. ఆవిడ పెదజాలరిపేటలో పుట్టలేదు, పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఎం.వి.పి. కాలనీ వీధులన్నీ తిరిగారు. సినిమా చూసి ఆవిడ చెప్పే మాటకి పేపర్లలో ఇచ్చే రేటింగులు పనికిరావు.

ఫిబ్రవరిలో తండేల్‌కి తీసుకెళ్ళాను. 2018 నవంబరులో గుజరాత్ వైపు వేటకెళ్ళి, పాకిస్థాన్ వాళ్ళకు పట్టుబడి, 2020 జనవరిలో గానీ బయటపడని మన ఉత్తరాంధ్ర వాళ్ళ కథ కదా. అత్తయ్య పుట్టింటి తరఫు వాళ్ళు కూడా గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళొచ్చినవాళ్ళే. అంత పొడుగు తీరం ఉన్న జిల్లాలో సరైన హార్బర్ లేక అంతంత దూరాలు పోతారు. ఇంటర్వెల్ దాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఒడ్డున నిలబడి ఎదురుచూసే సాయిపల్లవిని చూసి రెండుసార్లు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆ తర్వాత తుపాను. నా చెవి దగ్గరకొచ్చి, తను గుసగుస అనుకునే గొంతుతో, "ఇంత గాలొచ్చింది, ఆ కుర్రోడి క్రాపు సెదరనేదేటే?" అన్నారు. ముందు వరసలో వాళ్ళంతా వెనక్కి తిరిగారు.

నా మట్టుకు నాకు మొదటి సగం బాగా నచ్చింది. మగవాడు సముద్రం మీద ఉన్నప్పుడు ఇంట్లో ఆడవాళ్ళకి ఉండే టెన్షన్ ఏమిటో తీసినవాళ్ళకి తెలుసు. జైల్లోకి వెళ్ళాక మాత్రం దేశభక్తి డైలాగులు మొదలై, మనవాళ్ళు మాయమైపోయి ఎవరో ఉపన్యాసకులు మిగిలారు. జైల్లో ఉన్నవాడు ముందు ఇంటి అప్పు గురించి ఆలోచిస్తాడండీ. బోటు ఓనరు దగ్గర తీసుకున్న అడ్వాన్సు గురించి ఆలోచిస్తాడు.

సంక్రాంతికి వస్తున్నాం అందరం కలిసి చూశాం, పడీపడీ నవ్వాం. ఓటీటీ చూసి బూతులు నేర్చుకున్న పిల్లాడి (అదే, బుల్లిరాజు) సినిమాని ఇప్పుడు మా మరిది కొడుకు ఓటీటీలోనే మళ్ళీ మళ్ళీ చూస్తున్నాడు. ఫలితం ఏమిటో మీరు ఊహించుకోవచ్చు.

ఇప్పుడు నాకు కావలసింది: అందరం కూర్చుని చూడగలిగేది, బోటు మునగనిది, చెవులు బద్దలు కానిది. అన్నిటికన్నా ముఖ్యంగా, మన ఊరు నిజంగా కనిపించేది ఏదైనా ఉంటే చెప్పండి. బీచ్ రోడ్డు, కైలాసగిరి, కుర్సురా సబ్‌మెరైను, పైనుంచి ఒక డ్రోన్ షాట్, అయిపోయింది వైజాగ్. హీరో ఆర్.కె. బీచ్‌లో బైకెక్కి ఒక మలుపు తిరిగితే అరకులో తేలతాడు. మధ్యలో మనుషులెవరూ ఉండరా?

గాజువాక చిన్నోడు

అక్కా, మీ అత్తగారికి నమస్కారాలు. ఆవిడ చెప్పింది కరెక్టే గానీ, క్రాపు సంగతి వదిలెయ్యమని చెప్పండి. తండేల్ నేను మొదటి రోజు చూశాను, తర్వాత ఫ్రెండ్స్‌తో ఇంకోసారి చూశాను. దేవిశ్రీ పాటలకే సగం డబ్బులు వచ్చేశాయి. హీరో ఉప్పునీళ్ళకి మొహం పీక్కుపోయి, పెదాలు పగిలి కనిపిస్తే టికెట్టు కొని ఎవరు చూస్తారు? మా నాన్న స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి వచ్చారు. షిఫ్టు దిగి వచ్చినప్పుడు ఆయన మొహం ఎలా ఉండేదో నాకు తెలుసు. అది చూడ్డానికి నాకు సినిమా అక్కర్లేదు. సినిమాలో నాకు నాగచైతన్యే కావాలి, క్రాపుతో సహా.

ఇంటిల్లిపాదికీ అంటే మ్యాడ్ స్క్వేర్‌కి వెళ్ళండి. కథ అడక్కండి, లాజిక్ వెతక్కండి. పక్క సీట్లో వాళ్ళు నవ్వుతుంటే మనకీ నవ్వొస్తుంది, అలాంటి సినిమా. ఇంట్లో ఒంటరిగా చూస్తే ఏమీ ఉండదు.

వైజాగ్ సినిమా అంటే హిట్ 2 ఉంది, అడివి శేష్ మన ఊరి పోలీసాఫీసరు. కానీ అత్తగారికి చూపించకండి. శవం ముక్కలతో మొదలవుతుంది.

జాలరిపేట కోడలు

చిన్నోడూ, హిట్ 2 నేను చూశాను. భోజనం చేస్తూ చూశాను, ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళకి అదొక సౌకర్యం. సినిమా బిగువుగానే ఉంది. కానీ ఆ కథని వైజాగ్ నుంచి తీసి కాకినాడలో పెట్టినా ఒక్క సీను కూడా మార్చక్కర్లేదు. నేనడిగింది అది కాదు.

నాగచైతన్య క్రాపు గురించి నీ అభిప్రాయం అత్తయ్యకి చదివి వినిపించాను. "ఆ బాబుకి ఇంకా పెల్లి కానేదేమో" అన్నారు. దానికీ దీనికీ సంబంధం ఏమిటో నన్ను అడక్కు.

పాతపోస్టాఫీసు బాబాయ్

అమ్మా, మీ ప్రశ్న ఇప్పటిది కాదు. 1978లో మరోచరిత్ర వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. బాలచందర్ గారు మన ఊళ్ళో, భీమిలిలో తీశారు. రంగుల సినిమాలు వస్తున్న కాలంలో బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు. కమల్‌హాసన్, సరిత. సరితకి అదే మొదటి సినిమా. మా కుర్రాళ్ళందరం ఆ సినిమా చూసి భీమిలి బస్సెక్కి ఆ కొండలూ ఆ పాత గోడలూ వెతుక్కుంటూ తిరిగేవాళ్ళం. ఎక్కడ ఏ షాట్ తీశారో తెలిసినవాడికి కాలేజీలో పెద్ద గౌరవం. భాష రాని కుర్రాడు, తెలుగమ్మాయి, పక్కపక్క ఇళ్ళు. అంత చిన్న విషయం మీద అంత పెద్ద సినిమా నడిపారు. ముగింపు మాత్రం నేను చెప్పను, మీ అత్తగారి షరతులకి అడ్డొస్తుంది.

తర్వాత జంధ్యాల గారు. ఆయనకి మన ఊరంటే ఇష్టం, చాలా సినిమాలకి ఇక్కడే కెమెరా పెట్టారు. నాలుగు స్తంభాలాట చూడండి. అప్పటి బీచ్ రోడ్డు మీద ఎంత ఖాళీ ఉండేదో తెలుస్తుంది. ఇప్పటి పిల్లలకి చూపిస్తే ఇది మన ఊరు కాదంటారు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. అప్పుడు కూడా కెమెరా సముద్రం కోసమే వచ్చింది. కురుపాం మార్కెట్ కోసం గానీ కోటవీధి కోసం గానీ రాలేదు. నేను పుట్టి పెరిగిన పాత ఊరు, రాస్ హిల్ మీద చర్చి, పక్కనే దర్గా, ఆ పక్కనే గుడి, కిందన పోర్టు క్రేన్లు, ఇంత ఉన్న చోటుని ఒక్క డైరెక్టరైనా తృప్తిగా వాడుకోలేదని నా బాధ. ఆఫీసు అటెండరు కథో, పోర్టు కళాసీ కథో ఎవరికి కావాలి అని ఊరుకున్నాను.

కంచరపాలెం మెట్లు

బాబాయ్ గారూ, ఆఫీసు అటెండరు కథ వచ్చేసింది కదా! కేరాఫ్ కంచరపాలెం, 2018 సెప్టెంబరు. పెళ్ళికాని యాభై ఏళ్ళ అటెండరు రాజు. ఇదొక్కటి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదేమిటా అని కింద దాకా చదువుకుంటూ వచ్చాను.

నాది కంచరపాలెమే కాబట్టి నా మాట కొంచెం తగ్గించి తీసుకోండి. వెంకటేష్ మహా తీసిన ఆ సినిమాలో చాలామంది మా ప్రాంతం వాళ్ళే, అంతకు ముందు కెమెరా ముందు నిలబడనివాళ్ళు. థియేటర్లో మా అమ్మ సినిమా చూడలేదు, వీధులు చూసింది. "ఇది ఫలానా వాళ్ళ అరుగు, ఆ మెట్లెక్కితే మీ పెద్దమ్మ ఇల్లు" అని కామెంటరీ. చిరాకేసి ఊరుకోమన్నాను గానీ, ఇంటర్వెల్ తర్వాత నేనూ అదే పని చేశాను.

వినాయకుడి బొమ్మలు చేసే ఆయన ఉంటాడు అందులో. ఆ మట్టి చేతులు నటించే చేతుల్లా ఉండవు. వైన్ షాపులో పనిచేసే గడ్డం కథ ఉంటుంది, అక్కడి సంభాషణ అలాగే ఉంటుంది, మేము మాట్లాడుకునేలా. మన యాసని కామెడీ కోసం కాకుండా ప్రేమ కోసం వాడిన సినిమా అదొక్కటే నాకు తెలుసు. మామూలుగా శ్రీకాకుళం మాట వినిపించిందంటే వెనకే నవ్వు రావాలి, లేకపోతే ఆ మనిషి వంటవాడో వాచ్‌మనో అయ్యుండాలి. రాజు ఆ మాటలోనే రాధ గారిని ఇష్టపడతాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

లోపం లేదా అంటే ఉంది. కొన్ని సీన్లు నాటకంలా సాగుతాయి, కొంతమంది డైలాగు అప్పజెప్పినట్టు చెబుతారు. మా ఫ్రెండ్ ఒకడు హైదరాబాద్‌లో చూసి "షార్ట్ ఫిల్మ్ లాగుందిరా" అన్నాడు. వాడితో కొన్నాళ్ళు మాట్లాడలేదు. చివరి పది నిమిషాల్లో ఏం జరుగుతుందో మాత్రం ఇక్కడ ఎవరూ రాయకండి, దండం పెడతాను.

గాజువాక చిన్నోడు

చివర్లో ఆ నాలుగు కథలూ

కంచరపాలెం మెట్లు

తమ్ముడూ, ఆపు.

గుమస్తా గారు

కొత్తవాటిలో కోర్ట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2025 మార్చి 14న వచ్చింది, ప్రియదర్శి లాయరు. కథ జరిగేది 2013లో, మన విశాఖపట్నంలోనే. నేను ఒక వకీలు గారి దగ్గర గుమస్తాగా చేస్తున్నాను కాబట్టి ఈ సినిమా చూడకపోతే మా ఆఫీసులో పరువు ఉండదు. చూశాను.

చిన్నాచితకా పనులు చేసుకునే పందొమ్మిదేళ్ళ కుర్రాడు, పదిహేడేళ్ళ అమ్మాయి. ఇష్టపడతారు. అమ్మాయి మావయ్య మంగపతి పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద కేసు పెట్టిస్తాడు. ఆ చట్టం 2012 నవంబరులో అమల్లోకి వచ్చింది, కథాకాలానికి కొత్త చట్టం. పద్దెనిమిది నిండకపోతే ఆ అమ్మాయి ఇష్టపడిందా లేదా అన్నదాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. సినిమాకి పట్టు దొరికింది అక్కడే. చట్టం గురించి ఇంత తేటగా చెప్పిన తెలుగు సినిమా నేను చూడలేదు. మా ఇంటి పక్కన డిగ్రీ కుర్రాళ్ళు వచ్చి నన్ను సందేహాలు అడిగారంటే చూడండి.

ఇక గుమస్తాగా నా గొణుగుడు. పోక్సో కేసుల విచారణ జనం మధ్య జరగదు. తలుపులు మూసి జరపాలి. లాయరు బాలిక మీద ప్రశ్నలు గుప్పించడానికి వీల్లేదు, ప్రశ్నలు జడ్జి గారికి ఇస్తే జడ్జి గారు అడగాలి. నిందితుడు ఆ బిడ్డ కంటికి కనపడకుండా ఏర్పాటు చెయ్యాలి. చట్టంలోనే రాసి ఉంది ఇదంతా. వీలైనంత వరకు ఏడాదిలో విచారణ ముగించాలనీ రాసి ఉంది, దాని గురించి నేను మాట్లాడను. ఇవన్నీ ఉన్నదున్నట్టు తీస్తే సినిమా నడవదని నాకూ తెలుసు. రోజంతా వరండాలో నిలబడి సాయంత్రానికి వాయిదా తారీకు రాసుకుని ఇంటికెళ్ళే సీనుకి ఎవరు చప్పట్లు కొడతారు? అయినా కేసులో కూరుకున్న కుటుంబం మొహాలు ఎలా ఉంటాయో, ఆ తల్లి ఎవరిని చూసినా ఎలా చేతులు జోడిస్తుందో, అది నిజం. నేను రోజూ చూసేది అదే.

శివాజీ మంగపతిగా చేసిన తీరుకి మా ఆవిడ సినిమా అయ్యాక కూడా ఆయన్ని తిడుతూనే ఉంది. ఏప్రిల్ 11 నుంచి ఓటీటీలో వస్తుందంటున్నారు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడొచ్చు, అసభ్యంగా ఏమీ లేదు. తర్వాత వాళ్ళు అడిగే ప్రశ్నలకి సిద్ధంగా ఉండండి.

జాలరిపేట కోడలు

అందరికీ థాంక్స్. వేట బంద్ మొదలైంది, రెండు సినిమాలు అయ్యాయి, రెండు గొడవలు అయ్యాయి.

ముందు కోర్ట్. అత్తయ్య మంగపతి కనిపించినప్పుడల్లా తిట్లు లంకించుకున్నారు. అవి ఇక్కడ రాయలేను గానీ, బుల్లిరాజు ఆవిడ ముందు ఎల్‌కేజీ. మా ఆయన మధ్యలో నిద్రపోతారనుకున్నాను, లేదు. అసలు గొడవ సినిమా అయ్యాక. పదిహేడేళ్ళ పిల్లకి ఫోనెందుకు అంటాడు మా మరిది. పందొమ్మిదేళ్ళ వెధవకి బుద్ధెందుకు లేదు అంటుంది మా తోటికోడలు. మా వీధిలో ఇలాంటిదొకటి జరిగింది కాబట్టి ఇద్దరూ సినిమా గురించి మాట్లాడట్లేదని నాకు తెలుసు. అన్నం చల్లారిపోయింది.

గుమస్తా గారూ, మీరు చెప్పిన చట్టం సంగతులు వాళ్ళకి చదివి వినిపించాను, చాలా పనికొచ్చాయి. కానీ నా ఫిర్యాదు ఇంకొకటి. సినిమా అంతా ఆ అబ్బాయిని కాపాడ్డం గురించి. బాగుంది, కాపాడాల్సిందే. మరి ఆ అమ్మాయి? జాబిల్లి అని ముద్దుగా పేరు పెట్టారు. మొదటి సగంలో పాట పాడించారు. తర్వాత ఇంట్లో పెట్టి తలుపేశారు, సినిమా కూడా ఆ తలుపు తియ్యలేదు. లాయరు మాట్లాడతాడు, సీనియర్ లాయరు మాట్లాడతాడు, మావయ్య అరుస్తాడు. ఎవరి కోసం ఇంత జరిగిందో ఆ పిల్ల మనసులో ఏముందో నాలుగు ముక్కలైనా తిన్నగా చెప్పనివ్వాలి కదా. ప్రియదర్శి బాగా చేశాడు, కాదనను. ఆఖరి వాదనకి నేనూ చప్పట్లు కొట్టాను. తెల్లారి డ్యూటీలో గుర్తొచ్చింది మాత్రం ఆ పిల్ల. ఇక వైజాగ్ అంటారా, బోర్డుల మీద తప్ప నాకు పెద్దగా దొరకలేదు.

కంచరపాలెం నిన్న చూశాం. మొదట పావుగంట మా మరిది "హీరో ఎప్పుడొస్తాడు?" అని అడుగుతూనే ఉన్నాడు. రాజు కనిపించాక కూడా అడిగాడు. అత్తయ్య మాత్రం కదల్లేదు. సగంలో నా వైపు తిరిగి, "ఈల్లు యాక్టర్లు కారా? మరి ఈల్లకి డబ్బులిచ్చారా నేదా?" అని అడిగారు. ఆవిడకి ఎప్పుడూ ముందొచ్చే సందేహం అదే. గంప మోసినవాళ్ళకి పని కనిపిస్తే కూలీ గుర్తొస్తుంది. ఆ బొమ్మలు చేసే ఆయన గురించి, "సూడు, మట్టి పిసికినప్పుడు బొటనేలు ఎలా ఒత్తుతన్నాడో. నేర్చుకుని సెయ్యనేదు, పనోడే" అన్నారు. అది నిజమో కాదో కంచరపాలెం వాళ్ళు చెప్పాలి.

చివర్లో మా ఆయన లేచి బయటికెళ్ళిపోయారు. బీడీకి అనుకున్నాను. కాదట. నలభై దాటిన మగవాళ్ళకి ఆ సినిమా ఏదో చేస్తుంది, ఏమిటో అడిగితే చెప్పరు. చివర సంగతి నేనూ రాయను మెట్లు గారూ, మాటిచ్చాను. ఒక్క మాట మాత్రం: మీ ఫ్రెండ్ అన్నట్టు అక్కడక్కడ నాటకంలా ఉంది. ముఖ్యంగా ఊరి పెద్దలు గుమిగూడే సీన్లలో. కానీ నాకు ఈ మధ్య చూసిన పెద్ద సినిమాల నునుపు కన్నా ఆ గరుకే నచ్చింది.

బాబాయ్ గారూ, మరోచరిత్ర ముగింపు నాకు తెలుసు. అత్తయ్యకీ తెలుసు, ఆ రోజుల్లో చూశారట. "దాని జోలికెల్లకు" అన్నారు.

పాతపోస్టాఫీసు బాబాయ్

అమ్మా, కంచరపాలెం నేనూ నిన్న రాత్రే చూశాను. ఇన్నాళ్ళూ చూడకుండా ఎవరికి కావాలి అని రాశాను, ఆ మాట అక్కడే ఉండనివ్వండి. మీ అత్తగారి బొటనవేలు మాట చదివి ఆ ఒక్క సీను వెనక్కి వేసుకుని మళ్ళీ చూశాను. ఇక పాత ఊరి మీద ఎవరైనా ఇలా తీస్తే ఫైనాన్స్ నేను చెయ్యలేను గానీ, మా ఇంటి డాబా ఇస్తాను. పోర్టు మొత్తం కనిపిస్తుంది. షూటింగు వాళ్ళకి టీ కూడా ఇస్తాం.

గాజువాక చిన్నోడు

నేను కూడా చూశాను అందరూ గోల చేస్తున్నారని. బాగుంది. స్లోగా ఉంది కానీ బాగుంది. తండేల్ ఇంకా బాగుంది.

జాలరిపేట కోడలు

చిన్నోడూ, నీ మాట కూడా వింటున్నాం. ఆదివారం మ్యాడ్ స్క్వేర్‌కి వెళ్తున్నాం, జగదాంబ వైపు, మార్నింగ్ షో. మొత్తం ఏడుగురం. టికెట్లు మా మరిది కొంటానన్నాడు, అదొక వింత. థియేటర్లో చూసినవాళ్ళెవరైనా సౌండు ఎలా ఉందో చెప్పండి. అత్తయ్యకి ఎడమ చెవి పోటు మొదలైంది, మరీ ఎక్కువైతే స్పీకర్లకి దూరంగా మధ్య వరసలో బుక్ చేయిస్తాను.